విద్యార్థుల సామాజిక ప్రాజెక్టులు: పల్నాడు జిల్లా

విద్యార్థులు తమ ఊరి సమస్య ఒకదాన్ని ఎంచుకుని, దాన్ని స్వయంగా పరిశీలించి, లెక్కలు తీసి, పరిష్కారం ఆలోచించి, ఆ ఆలోచనను పదిమంది ముందు పెట్టే పనిని సామాజిక ప్రాజెక్టు అంటారు. పాఠశాల స్థాయిలో ఇది సైన్సు ప్రదర్శనలు, బాలల సైన్స్ కాంగ్రెస్, ఇన్‌స్పైర్ అవార్డుల రూపంలో, కళాశాల స్థాయిలో జాతీయ సేవా పథకం, ఉన్నత్ భారత్ అభియాన్, డిగ్రీ విద్యార్థుల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, హ్యాకథాన్‌ల రూపంలో సాగుతుంది. శ్రమదానం, మొక్కలు నాటడం వంటి సేవా కార్యక్రమాల్లో ఏం చేయాలో ముందే తెలిసి ఉంటుంది. సామాజిక ప్రాజెక్టులో మాత్రం ఏం చేయాలో తేల్చుకోవడం దగ్గరే పని మొదలవుతుంది. నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతాలున్న పల్నాడు జిల్లాలో తాగునీటిలో ఫ్లోరైడ్, మిరప సాగు, సున్నపు బట్టీల దుమ్ము, అడవి అంచు గ్రామాల ఇబ్బందులు ఇలాంటి ప్రాజెక్టులకు ముఖ్యమైన విషయాలు.

ప్రాంత నేపథ్యం

పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్ 4న పూర్వపు గుంటూరు జిల్లా నుంచి నరసరావుపేట కేంద్రంగా ఏర్పడింది. ఇందులో నరసరావుపేట, గురజాల, సత్తెనపల్లి రెవెన్యూ డివిజన్లు, 28 మండలాలు, ఏడు శాసనసభ నియోజకవర్గాలు ఉన్నాయి. ఉత్తరాన కృష్ణానది, పడమట నల్లమల అడవి దీని ఎల్లలు. నాగార్జునసాగర్ కుడి కాలువ ఈ జిల్లాలోనే మొదలై మాగాణికి నీరిస్తుంది. అయితే కాలువ మట్టం కంటే ఎత్తులో ఉన్న వెల్దుర్తి, దుర్గి, బొల్లాపల్లి వంటి మండలాల్లో చాలా ఊళ్లకు ఆ నీరు ఎక్కదు. అక్కడ బోరుబావులే దిక్కు. వరికపూడిశెల ఎత్తిపోతల పథకం కోసం దశాబ్దాలుగా వినిపించే డిమాండుకు మూలం ఇదే.

నేల కింద సున్నపురాయి పుష్కలం. పిడుగురాళ్ల సున్నపు బట్టీలు, మాచర్ల నాపరాళ్లు, మాచర్ల, దాచేపల్లి ప్రాంతాల సిమెంటు కర్మాగారాలు దాని మీద ఆధారపడినవే. నల్లరేగడి భూముల్లో పత్తి, మిరప ప్రధాన పంటలు. సాగర్ కాలువ కింది పల్లెకూ నల్లమల అంచు తండాకూ సమస్యలు ఒకటి కావు. ఒక మండలంలో పనికొచ్చిన ఆలోచన పక్క మండలంలో అక్కరకు రాకపోవచ్చు. అందువల్ల ఈ జిల్లాలో ఏ ప్రాజెక్టుకైనా ఊరిని కొలిచి చూసుకోవడం మొదటి మెట్టు.

వికాసం

విద్యార్థులను ఊరి పనిలోకి దించే ప్రయత్నాల్లో దేశవ్యాప్తంగా మొదటిది జాతీయ సేవా పథకం. గాంధీ శతజయంతి సంవత్సరమైన 1969లో సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాల్లో, సుమారు 40,000 మంది వాలంటీర్లతో ఇది మొదలైంది. రెండేళ్లలో 240 గంటల సేవ, దత్తత గ్రామంలో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం దీని నియమాలు. నరసరావుపేటలో 1950లో స్థాపించిన శ్రీ సుబ్బరాయ అండ్ నారాయణ కళాశాల వంటి పాత విద్యాసంస్థలున్న ఈ ప్రాంతంలో ఈ పథకం నడిచే డిగ్రీ కళాశాలలు 1976లో ఏర్పడిన నాగార్జున విశ్వవిద్యాలయం పరిధిలోకి వచ్చాయి.

బడి పిల్లల విషయంలో సైన్సు ప్రదర్శన ముందుగా వచ్చింది. జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి 1971 నుంచి జాతీయ స్థాయిలో బాలల సైన్సు ప్రదర్శనలు జరుపుతోంది. చాలా కాలం వాటిలో పాఠ్యపుస్తకంలోని సూత్రాన్ని నమూనాగా చేసి చూపడమే ప్రధానంగా ఉండేది. 1993లో మొదలైన జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ ఈ ధోరణిని మార్చింది. పదేళ్ల నుంచి పదిహేడేళ్ల లోపు పిల్లలు తాముండే చోటి సమస్యనే ఎంచుకోవాలని, ఇంటింటికీ తిరిగి సమాచారం సేకరించాలని, నమూనా కంటే పరిశీలనకే మార్కులుంటాయని అది నియమం పెట్టింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ కార్యక్రమం ఊళ్లకు చేరడంలో 1988లో ఏర్పడిన సైన్సు ప్రచార సంస్థ జన విజ్ఞాన వేదిక పాత్ర ఉంది.

పాఠశాల స్థాయి వేదికలు

బాలల సైన్స్ కాంగ్రెస్‌కు సాధారణంగా రెండేళ్లకొక ప్రధానాంశం ఉంటుంది. 2010–11లో భూవనరులు, 2012–13లో శక్తి, 2014–15లో వాతావరణం, 2022–23లో ఆరోగ్యం కోసం ఆవరణ వ్యవస్థల అవగాహన అంశాలుగా వచ్చాయి. పిల్లలు జట్టుగా, ఒక మార్గదర్శక ఉపాధ్యాయుడి సాయంతో పనిచేస్తారు. రోజువారీ పని రాసుకున్న పుస్తకం, నివేదిక, చార్టులతో జిల్లా స్థాయిలో ప్రాజెక్టును వివరిస్తారు. అక్కడ ఎంపికైనవి రాష్ట్ర, జాతీయ స్థాయులకు వెళ్తాయి.

ఇన్‌స్పైర్ మనక్ పథకాన్ని కేంద్ర శాస్త్ర, సాంకేతిక శాఖ, జాతీయ ఆవిష్కరణల సంస్థ కలిసి నడుపుతున్నాయి. మొదట 6 నుంచి 10 తరగతుల వారి కోసం రూపొందిన ఈ పథకంలో ఒక్కో పాఠశాల ఐదు ఆలోచనలు పంపవచ్చు. ఎంపికైన విద్యార్థి బ్యాంకు ఖాతాలో నమూనా తయారీకి రూ. 10,000 జమ అవుతాయి. ఆలోచన కొత్తదేనా, సమాజానికి పనికొస్తుందా, వాడటం తేలికేనా, పర్యావరణానికి హాని లేదా, ఇప్పటికే ఉన్న పరికరం కంటే మెరుగా అన్నవి ఇక్కడి కొలమానాలు.

అటల్ ఇన్నోవేషన్ మిషన్ 2016లో మొదలయ్యాక పాఠశాలల్లో టింకరింగ్ ల్యాబులు వచ్చాయి. ఒక్కో ల్యాబుకు రూ. 20 లక్షల వరకు సాయం అందుతుంది. త్రీడీ ప్రింటర్, సెన్సర్లు, చిన్న కంప్యూటర్ బోర్డులు ఉండటంతో, అంతకుముందు అట్టముక్కలతో చేసిన నమూనాల స్థానంలో పనిచేసే పరికరాలు రావడం మొదలైంది. అయితే పరికరం చేతిలో ఉంది కదా అని దానికి తగిన సమస్యను వెతికే అలవాటు కూడా దీంతోపాటే వచ్చింది. ప్రతి ప్రదర్శనలోనూ కనిపించే తడి గుర్తించే డస్ట్‌బిన్, అంధుల చేతికర్ర, వాన పడితే దానంతటదే ముడుచుకునే బట్టల తీగ ఈ అలవాటుకు ఉదాహరణలు.

కళాశాల స్థాయి వేదికలు

ఉన్నత్ భారత్ అభియాన్ 2014 నవంబరు 11న మొదలైంది. ఇందులో చేరిన విద్యాసంస్థ కనీసం ఐదు గ్రామాలను ఎంచుకుని సర్వే చేసి, అక్కడి అవసరాలకు తగిన సాంకేతిక పరిష్కారాలు ఆలోచించాలి. 2017లో మొదలైన స్మార్ట్ ఇండియా హ్యాకథాన్‌లో మంత్రిత్వ శాఖలు, సంస్థలు ఇచ్చిన సమస్యలకు ఇంజినీరింగ్ విద్యార్థులు గడువు లోపల పరిష్కారం తయారుచేస్తారు.

ఆంధ్రప్రదేశ్‌లో ఎక్కువమంది విద్యార్థులను తాకినది డిగ్రీ స్థాయి కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు. రాష్ట్ర ఉన్నత విద్యామండలి 2020–21 నుంచి అమలు చేసిన పాఠ్యప్రణాళికలో పది నెలల ఇంటర్న్‌షిప్ భాగమైంది. అందులో మొదటి ఏడాది చివర 180 గంటల ఈ ప్రాజెక్టుకు నాలుగు క్రెడిట్లు కేటాయించారు. మొదట ఊరి సామాజిక, ఆర్థిక సర్వే, తరువాత అవగాహన కార్యక్రమం, ఆపైన కొన్ని వారాల ప్రధాన ప్రాజెక్టు, చివర నివేదిక దీని క్రమం. ఇంతకుముందు సేవా పథకంలో చేరినవారే ఊళ్లోకి వెళ్లేవారు. ఈ మార్పుతో డిగ్రీ చదివే ప్రతి ఒక్కరికీ ఊళ్లోకి వెళ్లడం చదువులో భాగమైంది.

రాష్ట్ర ప్రభుత్వం 2025లో అమరావతి కేంద్రంగా రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్‌ను ప్రారంభించింది. దానికి అనుబంధంగా ప్రాంతీయ కేంద్రాలు ఏర్పాటయ్యాయి. పోటీలో మెప్పు పొందిన ఆలోచనను సంస్థగా మలిచే దశకు ఇది ఉద్దేశించినది.

ప్రాజెక్టు నడిచే క్రమం

మంచి ప్రాజెక్టులో ఐదు దశలు కనిపిస్తాయి. మొదటిది సమస్యను కుదించుకోవడం. "మా ఊళ్లో నీటి ఎద్దడి" అంటే అది ప్రాజెక్టు అంశం కాదు. "మా బడి వీధిలో కుళాయి చివరి పది ఇళ్లకు నీరెందుకు అందడం లేదు" అంటే అయింది. రెండోది కొలత. బిందెలు, బక్కెట్లు, నిమిషాలు, రూపాయలు ఏ లెక్కలో వీలైతే ఆ లెక్కలో సమస్యను రాసుకోవాలి. మూడోది కారణం కనుక్కోవడం. ఊరివాళ్లు చెప్పే కారణం, అధికారి చెప్పే కారణం, కొలతలో తేలిన కారణం వేరువేరుగా ఉండవచ్చు. నాలుగోది చిన్న స్థాయిలో ప్రయోగం. పరిష్కారాన్ని ఒక ఇంట్లోనో, ఒక చేలోనో కొన్నాళ్లు వాడి చూడాలి. అయిదోది సమర్పణ.

ప్రపంచంలో ఇతర చోట్ల నడిచే కార్యక్రమాలూ దాదాపు ఈ క్రమాన్నే పాటిస్తాయి. అహ్మదాబాద్‌లో 2009లో మొదలై తరువాత అనేక దేశాలకు పాకిన డిజైన్ ఫర్ చేంజ్ కార్యక్రమం అనుభూతి చెందు, ఊహించు, చెయ్యి, పంచుకో అనే నాలుగు మెట్లు చెబుతుంది. అమెరికాలో 1990ల నుంచి సాగుతున్న ప్రాజెక్ట్ సిటిజన్‌లో విద్యార్థులు నాలుగు పలకల మీద సమస్యను, అందుబాటులో ఉన్న ప్రత్యామ్నాయాలను, తాము ఎంచుకున్న విధానాన్ని, దాన్ని ప్రభుత్వం చేత అమలు చేయించే ప్రణాళికను వివరిస్తారు. ఈ నాలుగో పలక తెలుగు ప్రాంతాల పోటీల్లో చాలావరకు కనిపించదు.

పల్నాడులో ప్రధాన అంశాలు

*తాగునీటిలో ఫ్లోరైడ్.* తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఫ్లోరైడ్ ఉండటం మంచిదని, వేరే నీరు దొరకనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతించవచ్చని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. పల్నాడు మెట్ట ప్రాంతాల బోర్లలో కొన్నిచోట్ల ఈ హద్దు దాటుతుంది. దేశంలో ఫ్లోరోసిస్ గురించి తొలి శాస్త్రీయ నివేదిక 1937లో మద్రాసు ప్రెసిడెన్సీలోని నాటి నెల్లూరు జిల్లా నుంచి వెలువడింది. పల్నాడుకు దక్షిణాన ఉన్న పొదిలి ప్రాంతం అప్పుడు ఆ జిల్లాలోదే. అక్కడ కొత్త బావి నీళ్లు తాగిన దుక్కిటెద్దులు నడవలేకపోవడాన్ని మొదట రైతులే గమనించారని చెబుతారు. ఊరివాళ్ల గమనింపు శాస్త్రానికి దారి చూపగలదని ఈ ఉదంతం తెలుపుతుంది.

ఈ అంశం మీద బడి పిల్లల ప్రాజెక్టు రెండు కొలతలతో నడుస్తుంది. ఒకటి నీటి పరీక్ష. క్షేత్ర పరీక్ష కిట్‌లో నమూనా నీటికి కొన్ని చుక్కల ద్రావకం కలిపితే, ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ గులాబీ రంగు పసుపు వైపు మారుతుంది. ఆ రంగును కిట్‌తో వచ్చిన పట్టికతో పోల్చి ప్రతి బోరుకూ ఒక అంకె రాసుకుంటారు. రెండోది పళ్ల పరిశీలన. పళ్ల మీద సున్నపు మచ్చలు, గోధుమరంగు చారలు, గుంటలు ఏ మేరకు ఉన్నాయో చూసి తరగతివారీగా లెక్క తీస్తారు. ఈ మచ్చలు పన్ను ఏర్పడే బాల్యంలో తాగిన నీటిని సూచిస్తాయి కాబట్టి, నేటి నీటి లెక్కతో సరిపోల్చేటప్పుడు పిల్లవాడు పుట్టినప్పటి నుంచి ఆ ఊళ్లోనే ఉన్నాడా అన్నది తప్పక అడగాలి. వలస కుటుంబాల పిల్లలను విడిగా లెక్కించని సర్వే తప్పుదారి పట్టిస్తుంది.

పరిష్కారంగా తరచు ప్రతిపాదించేది నల్గొండ పద్ధతి. కృష్ణకు ఆవలి ఒడ్డున ఉన్న నల్గొండ జిల్లా పేరుతో జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ 1970లలో దీన్ని రూపొందించింది. నీటిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి తగు పాళ్లలో కలిపి, బాగా తిప్పి, గంటసేపు తేరనిచ్చి పై నీటిని తీసుకుంటారు. అడుగున చేరే మడ్డిని ఎక్కడ పారబోయాలి, రోజూ పటిక కొలిచి కలిపే ఓపిక ఎవరికుంటుంది, శుద్ధిచేసిన నీటిలో మిగిలే అల్యూమినియం సంగతేమిటి అన్న ప్రశ్నలకు జవాబు చెప్పగలిగిన జట్టే ఈ పద్ధతిని నిజంగా అర్థం చేసుకున్నట్టు లెక్క.

*మిరప.* సాగు నుంచి కల్లం దాకా మిరప చుట్టూ ప్రాజెక్టులకు కొదవ లేదు. 2021–22లో నల్ల తామర పురుగు గుంటూరు, ప్రకాశం జిల్లాల తోటలను దెబ్బతీసిన తరువాత నీలం రంగు జిగురు అట్టల గురించి రైతులందరికీ తెలిసింది. అట్టలకు ఎన్ని పురుగులు అంటుకున్నాయో వారం వారం లెక్కించి తోట వయసుతో పోల్చడం హైస్కూలు పిల్లలు చేయగల పరిశీలన. కల్లంలో కాయను నేల మీద ఆరబోస్తే తేమ పట్టి బూజు, దానివల్ల అఫ్లటాక్సిన్ విషం చేరే ప్రమాదం ఉంది. నేల మీద, టార్పాలిన్ పట్టా మీద, సోలార్ డ్రైయర్‌లో ఆరబెట్టిన కాయ బరువు రోజూ తూచి గ్రాఫు గీస్తే తేడా కళ్లకు కడుతుంది.

తొడిమలు తీసే కూలీల చేతి మంట మరో అంశం. మంట పుట్టించే క్యాప్సైసిన్ నీటిలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. కాబట్టి నీళ్లతో కడిగితే మంట తగ్గదు. చౌక చేతితొడుగులు ఇస్తే సరిపోతుందని మొదట అనిపించినా, తొడుగుతో వేళ్ల వేగం తగ్గి కూలి పడిపోతుంది. తూకం మీద కూలి ఇచ్చేచోట ఇది చిన్న విషయం కాదు. కూలీలతో కూర్చుని మాట్లాడని జట్టుకు ఈ సంగతి తెలియదు.

*సున్నపు బట్టీలు, రాతి పరిశ్రమ.* బట్టీలో సున్నపురాయి కాలినప్పుడు బొగ్గుపులుసు వాయువు పోయి సున్నం మిగులుతుంది. ఆ సున్నం, ముగ్గు మిల్లుల పొడి గాలిలో కలిసి ఇళ్ల మీద, ఆకుల మీద పేరుకుంటాయి. ఖరీదైన పరికరం లేకుండా దుమ్మును పోల్చే పద్ధతి ఒకటుంది. గాజుపలకలకు పలుచగా వాసెలిన్ రాసి, బట్టీకి వేరువేరు దూరాల్లో ఒకే ఎత్తున ఒకరోజు ఉంచి, ఒక చదరపు సెంటీమీటరులో అంటుకున్న రేణువులను సూక్ష్మదర్శినిలో లెక్కిస్తారు. గాలి దిశ కూడా రాసుకుంటేనే ఈ లెక్కకు విలువ. నాపరాళ్ల కోతలో మిగిలే బురదను ఇటుకల్లో కలపడం ఇంజినీరింగ్ విద్యార్థులకు అనువైన అంశం.

*అడవి అంచు.* మాచర్ల, వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు గ్రామాలు నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యానికి ఆనుకుని ఉన్నాయి. అడవిపందుల నుంచి పంట కాపలా, వేసవిలో నిప్పు, తండాలకు, చెంచుగూడేలకు బడి దూరం ఇక్కడి సమస్యలు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. పెద్దవాళ్లను అడిగి చెట్లు, చేపలు, మందుమొక్కల వివరాలు రాసే విద్యార్థుల పని ఈ రిజిస్టరుకు నేరుగా ఉపకరిస్తుంది.

సమర్పణ, పాలనతో సంబంధం

ప్రాజెక్టును ఎవరి ముందు పెడతారన్నది దాని గతిని నిర్ణయిస్తుంది. సైన్సు ప్రదర్శనలో న్యాయనిర్ణేత చూసేది కొత్తదనం. ఊరికి కావలసింది పనికొచ్చేతనం. పాత పద్ధతినే సరిగ్గా అమలు చేసి చూపిన జట్టుకు పోటీలో బహుమతి రాకపోవచ్చు గానీ, ఊళ్లో ఆ పనే నిలబడవచ్చు.

ఊరి స్థాయిలో సహజమైన వేదిక గ్రామసభ. ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం, 1994 ప్రకారం గ్రామసభ అంటే ఓటర్ల జాబితాలో ఉన్నవారి సభ. పద్దెనిమిదేళ్లు నిండని విద్యార్థి అందులో సభ్యుడు కాడు. అతని ప్రతిపాదనను వార్డు సభ్యుడో, సర్పంచో, తల్లిదండ్రులో ఎత్తుకుంటేనే పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలోకి వెళ్తుంది. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు జరిగాయి. పనులను సభలోనే ఎంచుకునే ఇలాంటి సందర్భాలకు బడి ప్రాజెక్టు నివేదిక సిద్ధంగా ఉంటే దానికి దారి దొరుకుతుంది.

విద్యార్థులకు ఈ ప్రక్రియ నేర్పడానికి కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2025 అక్టోబరులో మోడల్ యూత్ గ్రామసభ కార్యక్రమాన్ని ప్రారంభించింది. జవహర్ నవోదయ విద్యాలయాలు, ఏకలవ్య ఆదర్శ గురుకులాలు దీని మొదటి వేదికలు. పూర్వపు గుంటూరు జిల్లా నవోదయ విద్యాలయం ఉన్న చిలకలూరిపేట సమీపంలోని మద్దిరాల ఇప్పుడు పల్నాడు జిల్లాలోనే ఉంది. అదే ఏడాది రాజ్యాంగ దినోత్సవమైన నవంబరు 26న రాష్ట్ర ప్రభుత్వం అమరావతిలో 175 నియోజకవర్గాల నుంచి విద్యార్థులను పిలిచి మాక్ అసెంబ్లీ నిర్వహించింది.

పంచాయతీ పరిధి దాటిన సమస్యకు సంబంధిత శాఖ ఏదో తెలియాలి. కుళాయి నీరు గ్రామీణ నీటి సరఫరా విభాగానిది. మిరప ఉద్యాన శాఖ కిందికి, పత్తి వ్యవసాయ శాఖ కిందికి వస్తాయి. బట్టీ దుమ్ము సంగతి కాలుష్య నియంత్రణ మండలి చూడాలి. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాల్లో ఇంజినీరింగ్, వ్యవసాయ, ఉద్యాన సహాయకులు ఉండటంతో విద్యార్థులు తమ లెక్కలను ముందుగా వారికి చూపించే వీలు కలిగింది.

తెలంగాణ అనుభవం

పొరుగు రాష్ట్రంలో తెలంగాణ స్టేట్ ఇన్నోవేషన్ సెల్ 2019 నుంచి ఇంటింటా ఇన్నోవేటర్ పేరుతో స్వాతంత్ర్య దినోత్సవం నాడు జిల్లా కేంద్రాల్లో ప్రదర్శనలు జరుపుతోంది. 2020లో విద్యాశాఖ, యునిసెఫ్, ఇంక్విల్యాబ్ ఫౌండేషన్‌లతో కలిసి ప్రభుత్వ పాఠశాలలకు స్కూల్ ఇన్నోవేషన్ చాలెంజ్ ప్రారంభించింది. పోటీకి ముందే ఉపాధ్యాయులకు, విద్యార్థులకు సమస్యను గుర్తించే పద్ధతి మీద శిక్షణ ఇవ్వడం దీని ప్రత్యేకత. ఇంటింటా ఇన్నోవేటర్‌లో విద్యార్థులతోపాటు రైతులు, మెకానిక్కులు, గృహిణులు కూడా పాల్గొంటారు. పనిముట్టు తెలిసిన చేతివృత్తి మనిషి పక్కన ఉండటం పిల్లలకు పుస్తకంలో దొరకని సాయం.

పరిమితులు, విమర్శలు

ఈ కార్యక్రమాల మీద వచ్చే విమర్శల్లో మొదటిది పిల్లల పేరుతో పెద్దలు పనిచేయడం. నమూనాలు దుకాణంలో కొనడం, పాత ప్రాజెక్టును పేరు మార్చి పంపడం, డిగ్రీ స్థాయిలో నివేదికలను ఒకరి దగ్గర నుంచి ఒకరు ఎత్తిరాయడం దీని రూపాలు. రోజువారీ పని రాసుకున్న పుస్తకాన్ని నిశితంగా చూడటం, నమూనా కంటే కొలతల గురించి ప్రశ్నించడం దీనికి విరుగుడు.

రెండోది కాలవ్యవధి. ప్రాజెక్టు విద్యా సంవత్సరంతో ముగుస్తుంది. సమస్య మాత్రం ముగియదు. పదో తరగతి పూర్తయిన విద్యార్థి ఊరు విడిచి వెళ్లాక అతను అమర్చిన నీటి ఫిల్టరును కడిగేవారు ఉండరు. జట్టులో కింది తరగతి పిల్లలను చేర్చుకోవడం, పాత లెక్కల పుస్తకాలను బడిలోనే భద్రపరిచి మరుసటి ఏడాది అదే బోర్ల నీటిని మళ్లీ పరీక్షించడం కొంత మేలు చేస్తాయి. ఐదేళ్ల నీటి లెక్కలున్న బడి దగ్గర ఉన్న సమాచారం ఏ ఒక్క బహుమతి ప్రాజెక్టు దగ్గరా ఉండదు.

మూడోది ఊరి రాజకీయం. పార్టీలుగా, కులాలుగా చీలిన గ్రామాల్లో సర్వే ప్రశ్న మామూలుగా కనిపించినా అనుమానం రేపవచ్చు. అన్ని వీధుల నుంచీ పిల్లలు జట్టులో ఉండటం, ఇంటి పేర్లు రాయకుండా సంఖ్యలతో నమోదు చేయడం, ఫలితాలను ఒక వర్గం నాయకుడి ఇంట్లో కాక బడి ఆవరణలో అందరి ముందు చదవడం ఈ చిక్కును తగ్గిస్తాయి. పిల్లల ఆరోగ్యం మీద సర్వే చేసేటప్పుడు తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి.

నాలుగోది అవకాశాల్లో తేడా. టింకరింగ్ ల్యాబు ఉన్న పట్టణ పాఠశాలకూ, ఇద్దరు ఉపాధ్యాయులున్న తండా బడికీ పోటీ సమానం కాదు. అయితే సమస్యకు దగ్గరగా ఉండటం అనే ఒక అనుకూలత రెండో బడిదే. పరికరం కంటే పరిశీలనకు ఎక్కువ మార్కులిచ్చే వేదికల్లో ఈ తేడా తగ్గుతుంది.